తాటితలల మీది ఎండ

మా ఇంట్లో పొద్దు ఎప్పుడు ములిగిందో ఫోను చెబుతుంది. అందరూ నమ్ముతారు, నేను తప్ప.

ఈ వేసవిలో ఆ వేళ తెలుసుకునే అవసరం నాకు రోజూ వచ్చింది. రంజాన్ నెలలో కంటికి ఆపరేషన్ అయింది. గంటకోసారి చుక్కలు, పూటకి రెండు మాత్రలు. దాంతో పన్నెండు రోజాలు, అంటే పొద్దు ములిగేదాకా ఉండే పస్తులు, పోయాయి. అలా పోయినవాటిని మళ్లీ రంజాన్ వచ్చేలోగా ఒక్కొక్కటిగా ఉండి తీర్చుకోవాలి. వాటినే కజా రోజాలంటాం. రంజాన్‌లో అయితే ఇల్లంతా పస్తే, అందరి నోళ్లూ ఒకేలా ఎండుతాయి. కజా అలా కాదు. నేనొక్కదాన్నే నోరు కట్టుకుని కూర్చుంటే పక్కన మనవరాలు మామిడికాయ ముక్కకి ఉప్పూకారం అద్దుకుని లొట్టలేస్తూ ఉంటుంది.

మొన్న సాయంత్రం ఆ పిల్లే ఫోను పట్టుకుని వచ్చింది. "నానమ్మా, టైమయింది. నీళ్లు తాగేయ్" అంది. నేను గ్లాసు పట్టుకుని మేడమెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. ఒక చేత్తో మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే కింద మా అబ్బాయి నవ్వాడు. "మా అమ్మకి ఎవరి మాటా చాలదు, తన కళ్లతో చూసుకోవాల్సిందే." మనవరాలు నా వెనకే పైకి వచ్చింది. పడమటి వైపు చూస్తూ, "అయితే నువ్వే చెప్పు, ములిగిందా లేదా?" అని అడిగింది.

నేను చెప్పలేదు. "నీకూ కళ్లున్నాయిగా" అన్నాను. పిల్ల చిన్నబుచ్చుకుని కిందికి పోయింది. ఆ మాట నా నోట రాదని దానికి తెలియదు. వాళ్ల నాన్నకీ తెలియదు. ఎందుకు రాదో తెలిసినవాళ్లు ఇద్దరే, ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు.

గజపతినగరం సంతకి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది మా ఊరు. చోళ్లూ, అంటే రాగులూ, వేరుశెనగా పండే మెట్టపొలాలు, దిగువన కాస్త వరి. ఊరంతా రైతులు. దూదేకుల ఇళ్లు రెండే ఉండేవి. రెండో ఇంటివాళ్లు రైల్వే పని దొరికి ఖరగ్‌పూర్ పోయారు, ఆ తరవాత మాదొక్కటే మిగిలింది. మాకు ఉర్దూ రాదు. నమాజులో చదువుకునేవి తప్ప తక్కినదంతా తెలుగే, అదీ ఆ ఊరి తెలుగే. ఊళ్లో మసీదు లేదు. పండగ నమాజుకి నాన్న సైకిలెక్కి పట్నం పోవాల్సిందే.

వేసవి వస్తే మా ఇంటికి చేతినిండా పని. బూరుగుకాయలు పగిలేది అప్పుడే, పెళ్లిళ్లు అయ్యేదీ అప్పుడే. కొత్త జంటకి పరుపూ నాలుగు తలగడలూ కుట్టించని రైతు ఉండేవాడు కాదు. పెరట్లో తాటాకు పాక కింద నాన్న దూది ఏకే విల్లు వేలాడదీసి, చేతికొయ్యతో నారి మీద కొడుతుంటే టంయ్ టంయ్ మని పొద్దున్నించి సాయంత్రం దాకా మోగేది. ఆ చప్పుడు లేని రోజున నాకు ఇల్లు ఇల్లులా అనిపించేది కాదు. దూది ముక్కులోకి పోయేది, అన్నంలో పడేది, నాయనమ్మ జుట్టులో చిక్కుకునేది. ఆవిడ అడ్డపొగ చుట్ట కాల్చేది, అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. "బయట పెట్టి కాలిస్తే దూదంటుకుంటాది, అందుకే లోపల పెట్టుకున్నాను" అని మా ఊరి ఆడవాళ్లని నవ్వించేది. నిజానికి వాళ్లలో సగం మంది కాల్చేది అలాగే.

అమ్మ పని గింజ తీయడం. నోటికీ ముక్కుకీ పాత చీర ముక్క కట్టుకుని, బూరుగు దూదిలోంచి నల్లటి గింజల్ని వేరుచేసి బుట్టలో వేసేది. ఆ పీచు గొంతులోకి దిగితే నీళ్లతో గానీ పోదు. తక్కిన వేసవుల్లో చెంబు పక్కనే పెట్టుకునేది. నేను చెబుతున్న వేసవిలో చెంబు లేదు.

అప్పట్లో రంజాన్ చలికాలంలో వచ్చేది. పగలు పొట్టి, దాహం వేయదు, రోజాలు హాయిగా గడిచిపోయేవి. ఆ హాయి అమ్మకి దక్కలేదు. నెల మొదలయ్యే ముందే తమ్ముడు పుట్టాడు. పురిటి నలభై రోజులూ రోజా ఉండకూడదు కాబట్టి ముప్పైకి ముప్పై పోయాయి. ఒంట్లో కాస్త సత్తువ వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఇక వాటిని మొదలుపెడతానని అమ్మ ఒకరోజు వంటింట్లో చెప్పింది. చెప్పడమే, అడగడం కాదు.

నాయనమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "ఒసే, సంటిగుంటడికి పాలిచ్చీదానివి, ఈ ఎండల్లో నీకు రోజాలేటి? పాలింకిపోతాయి. వానలొచ్చీనాక ఉండు, ఎవులొద్దన్నారు?"

"మాయమ్మ కూడా అలగే అన్నాదత్తా" అంది అమ్మ. "వానలొచ్చీనాక ఉంటానన్నాది. ఆ వానల్లోనే జొరమొచ్చి పోనాది. పద్నాలుగు రోజాలు మిగిలిపోనాయి. పోయీ ముందర నా సెయ్యి పట్టుకుని అయ్యే లెక్కెట్టుకున్నాది గానీ పిల్లల ఊసెత్తనేదు. నాను అలగ పోను."

నాయనమ్మ చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంది. నాన్న మాత్రం ఊరుకోలేదు. పట్నం మసీదుకి పోయి, రోజాకి బదులు పేదవాళ్లకి అన్నం పెడితే సరిపోతుందేమో అడిగి వచ్చాడు. మళ్లీ ఎప్పటికీ ఉండలేని ముసలివాళ్లకీ రోగులకీ అయితే సరిపోతుంది, ఈవిడకి కుదరదు అన్నారట. "నన్నడిగితే నానే సెప్పుదును గదా, అంత దూరం సైకిల్ తొక్కినావు" అంది అమ్మ. ఆవిడ చదువుకోలేదు గానీ ఇలాంటి విషయాలన్నీ వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది.

రెండు కొబ్బరిచిప్పలు తెచ్చి గూట్లో పెట్టింది. ఒకదాంట్లో ముప్పై బూరుగు గింజలు వేసింది. రోజా ముగిసిన సాయంత్రం ఒక గింజ తీసి ఖాళీ చిప్పలో వేసేది. నాకా చిప్పల్ని ముట్టుకునే అనుమతి లేదు. నాకిచ్చిన పని వేరే.

మా ఊరికి పడమటన చిన్న కొండ ఉంది, ఊరిని ఆనుకునే. పొద్దు దాని వెనక్కి దిగిపోయినా ఇంకా చాలాసేపు పగలుంటుంది. అందుకని అమ్మ నన్ను పెరటి రాతిగోడ మీద నిలబెట్టి, గోడ వెనక వరసగా ఉన్న తాటిచెట్లు చూపించింది. "పొద్దు కొండెనక్కి పోతే సాలదే అమ్మీ. ఆ తాటితలల మీద ఎండుంటాది సూడు, ఎర్రగా. అది పూర్తిగా పోవాల. పోనాక నాకు సెప్పు. అప్పుడే నాను నీళ్లు తాగుతాను." తను చూసుకోవచ్చు కదా అంటే, ఆ వేళకి ఆవిడ వంటింట్లో పొయ్యి దగ్గర ఉండేది, చంకలో తమ్ముడు ఏడుస్తూ ఉండేవాడు. వంటింటి గుమ్మం తూర్పుకి. ఊరి మొత్తానికి గడియారం ఉన్నది కరణంగారింట్లో.

నాకు తొమ్మిదేళ్లు. అంతకు ముందు నాకెవరూ అంత పెద్ద పని ఇవ్వలేదు. కోడిపెట్టని గంప కింద కమ్మమంటే వదిలేసేదాన్ని, పాలు చూడమంటే పొంగబెట్టేదాన్ని. ఈ పని మాత్రం పోలీసు జవాను కాపలా కాసినట్టు కాశాను. పొద్దు కొండ మీదికి వంగినప్పటి నుంచే గోడెక్కి నిలబడేదాన్ని. నీడ తాటిమాను మొదలు నుంచి మెల్లిగా పైకి పాకేది. సగానికి వచ్చేది, మెడ దాకా వచ్చేది, మట్టలు మాత్రం ఎర్రగా మెరుస్తూ మిగిలేవి. ఆఖరి మట్ట చివర ఎండ ఆరిపోగానే దూకి పరిగెత్తేదాన్ని. "అమ్మా, ములిగిపోనాది." అమ్మ బయటికి తొంగి చూసేది కూడా కాదు. బిస్మిల్లా అనుకుని, కొత్తకుండలోంచి ముంచి పెట్టుకున్న గ్లాసు ఎత్తి తాగేది. ఆ నీళ్లు గొంతులో దిగుతుంటే నేనే తాగుతున్నంత సంతోషంగా ఉండేది. తరవాత బెల్లం వేసిన చోడి అంబలి, ఉల్లిపాయ, దొరికిన రోజున తాటిముంజలు.

ముంజలు తెచ్చేది ఆ తాటిచెట్లు గీసే ఆయన. అమ్మని అప్పా అనేవాడు, అంటే అక్కా అని, నాన్నని బావా అనేవాడు, కాబట్టి నాకు మావ. రోజూ రెండు పూటలా నడుముకి మోకు తగిలించుకుని చెట్లెక్కి కల్లు దింపేవాడు. ఆయన వస్తుంటే పుల్లటి వాసన ముందు వచ్చేది. మా ఇంట్లో కల్లు ముట్టుకోరు కనక ఆయన లొట్టి గోడ అవతలే పెట్టి, ముంజలు మాత్రం లోపలికి తెచ్చేవాడు. "పగలంతా పస్తున్నావు, ఇయ్యి సల్వ సేస్తాయప్పా" అనేవాడు.

ఆ రోజుల్లో మేం పెట్టిన బాధలు తక్కువేం కాదు. ఎవరో రైతు తలగడలు తీసుకుపోతూ పనసపండు ఇచ్చాడు. ఆ వాసన ఇల్లంతా పట్టేసింది. అమ్మ ముక్కుకి కట్టుకున్న గుడ్డ ఇంకా బిగించుకుంది. నేను జాలిపడి పండుని దూదిగుట్టలో దాచాను, వాసన రాకుండా. పండు పగిలి జిగురంతా దూదికి పట్టేసి ఒక తలగడకి సరిపడా దూది పాడైంది. నాన్న చెవి మెలేశాడు. అమ్మ మాత్రం నవ్వింది. రోజాలో ఉండగా ఆవిడ నవ్వడం ఆ ఒక్కసారే చూశాను.

అయిదు రోజాలు అలా గడిచాయి. ఆరోనాడు మధ్యాహ్నం అమ్మ నూతి దగ్గర పడిపోయింది. కడవ పగిలింది. మావే లేపి నీడకి తీసుకొచ్చాడు. నాన్న తల మీద నీళ్లు కుమ్మరించి, గ్లాసు నోటికి పెట్టాడు. అమ్మ కళ్లు మూసుకునే ఉంది, పెదాలు మాత్రం గట్టిగా బిగించేసింది. "తాగవే, సచ్చిపోతావు" అన్నాడు నాన్న. ఆవిడ తల అడ్డంగా తిప్పింది. ఆయన గ్లాసులో నీళ్లు నేలకేసి కొట్టి పాకలోకి వెళ్లిపోయాడు. కాసేపటికి నన్ను పిలిచాడు.

ఆ మాటలు నాకు ఇప్పటికీ ఒక్కటీ పోకుండా గుర్తున్నాయి. 

"అమ్మీ, మీ అమ్మ మనకి కావాలా వద్దా?"

"కావాల."

"అయితే పొద్దు కొండెనక్కి పోగానే సెప్పీ. తాటితలలూ గీటితలలూ సూడకు."

"తాటితలల మీద ఎండ పోవాలన్నాది గదా నాన్నా."

"పొద్దు కనపడకపోతే ములిగినట్టే గదే. నువ్వు అబద్ధమాడినట్టు కాదు. రవ్వంత ముందర సెప్తావు, అంతే. ఆ రవ్వంతలో మీ అమ్మకి పేణం నిలుస్తాది." నా చేయి తీసి తన తల మీద పెట్టుకున్నాడు. "ఎవులికీ సెప్పకూడదు. నా మీదొట్టు."

నాన్న మీద ఒట్టు తప్పితే నాన్న పోతాడు. తొమ్మిదేళ్లప్పుడు దాంట్లో నాకు అనుమానమేమీ లేదు. ఆయనకీ ఆ సంగతి తెలుసు. అప్పుడే నా చేతికి కొయ్య ఇచ్చి, విల్లు మీద ఒక దెబ్బ కొట్టనిచ్చాడు. ఆడపిల్ల విల్లు ముట్టుకోకూడదని నాయనమ్మ నియమం. ఎన్నాళ్లుగానో ఏడ్చి అడిగినా ఇవ్వని విల్లు. టంయ్ మని మోగింది, దూది లేచి నా మొహం మీద పడింది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ సాయంత్రం పొద్దు కొండ వెనక్కి దిగగానే గోడ దూకాను. తాటిచెట్ల వైపు చూడకుండా దూకాను, అది గుర్తుంది. "ములిగిపోనాది" అంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అమ్మ తాగేసింది. గ్లాసు దించి, "నా తల్లే, నీ కళ్లతోటే నా రోజా" అని నా తల నిమిరింది. నాకు సిగ్గేసింది, ఆ వెంటనే ఆవిడ మొహంలోకి రక్తం వచ్చినట్టు కూడా అనిపించింది. నేను పెరట్లోకి రాగానే నాన్న పాకలోంచి కన్ను కొట్టాడు. తరవాతి రోజుల్లో సిగ్గు పోయింది. నాన్నకీ నాకూ మాత్రమే తెలిసిన సంగతి ఒకటుందని గొప్పగా ఉండేది. రోజూ మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీసే వేళ నాన్న నాకు కొయ్య ఇచ్చేవాడు. గూట్లో చిప్పలోకి గింజలు చేరుతున్నాయి. పది, పదిహేను, ఇరవై.

ఇరవైమూడోనాడు పొయ్యి దగ్గర సెగ తట్టుకోలేక అమ్మ తమ్ముడిని తీసుకుని పెరట్లోకి వచ్చి కూర్చుంది. గ్లాసు పక్కన పెట్టుకుంది. మావ రోజూ అవతలి గట్టు చెట్లు ముందు గీసి, మా గోడ వెనకవి ఆఖరున ఎక్కేవాడు. ఆ రోజు ఎందుకో ముందు మా వైపే ఎక్కాడు. నేను ఆ సంగతి పట్టించుకోలేదు. పొద్దు కొండ వెనక్కి పోయింది, నేను చెప్పాను. అమ్మ తాగింది. రెండో గుక్క గొంతులో ఉండగా పైనించి మాట వినిపించింది.

"అదేటప్పా, అప్పుడే తాగీసినావు? నా మొకం మీద ఎండ కొడతన్నాది ఇంకా."

అమ్మ తలెత్తింది. ఇన్నాళ్లలో ఆవిడ ఆ వేళప్పుడు తాటిచెట్ల వైపు చూడటం అదే మొదలు. మావ చెట్టు మెడ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయన మొహమూ చేతిలోని లొట్టీ ఎర్రటి ఎండలో మెరుస్తున్నాయి. మేం కూర్చున్న చోట నీడ. అమ్మ నోట్లో మిగిలిన నీళ్లు పక్కకి ఉమ్మేసింది. మావ గబగబా దిగివచ్చి, "నానేటైనా తప్పు సెప్పీనానా?" అని బిక్కమొహంతో నిలబడ్డాడు. ముంజలు గోడ మీద పెట్టి వెళ్లిపోయాడు.

"ఎన్నాళ్ల నించి?" అని అడిగింది అమ్మ. అరవలేదు. అరిస్తే బాగుండేది.

నేను పాక వైపు చూశాను. విల్లు ఆగింది. నాన్న గుమ్మంలోకి వచ్చాడు, జుట్టంతా దూది. ఆయన చెబుతాడనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఆయన చెబితే ఒట్టు నేను తప్పినట్టు కాదు, అమ్మ ఆయన్ని నాలుగు తిట్టి ఊరుకుంటుంది, అని అంతా నా లెక్కలో సరిపోయింది.

"సిన్నగుంట" అన్నాడు నాన్న, నాకేసి చూడకుండా. "ఆటల్లో పడి సరిగ్గా సూడకుండా కేకేసీసుంటాది. గుంటల్ని నమ్మి రోజాలుంటే ఇలగే ఉంటాది మరి."

అని లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ టంయ్ టంయ్ మని మొదలైంది.

అమ్మ నా రెండు భుజాలూ పట్టుకుంది. "నాకు నిజం సెప్పు. ఎన్నాళ్ల నించి సూడకుండా సెప్తన్నావు? మొదట్నించీనా, మజ్జి నించా? నాకు తెలియాల."

ఆవిడ ఎందుకు అడుగుతోందో నాకు తెలుసు. ముందే నీళ్లు తాగేసిన రోజు రోజా కింద లెక్క కాదు. అయితే మొదటి అయిదూ నిజమైనవి. ఆఖరి మట్ట దాకా చూసి చెప్పినవి. ఆ మాట చెబితే ఆ అయిదు గింజలూ దక్కుతాయి. కానీ అయిదు నిజమైతే ఆరోది ఎందుకు కాలేదో చెప్పాలి. నా చేతికి నాన్న తల వెచ్చగా తగిలిన సంగతి గుర్తొచ్చింది. నేను నోరు విప్పలేదు.

అమ్మ నా భుజాలు వదిలేసింది. తరవాత లేచి లోపలికి వెళ్లి, గూట్లోంచి చిప్పలు రెండూ తీసింది. ఇరవైరెండు గింజలూ మొదటి చిప్పలోకి వంపేసింది. గలగలమన్నాయి. నాయనమ్మ మంచం మీంచి, "ఏటా సప్పుడు?" అంది. అమ్మ చిప్పలు మళ్లీ గూట్లో పెట్టింది.

మర్నాటి నుంచి అమ్మ మళ్లీ ఒకటితో మొదలుపెట్టింది. రోహిణి కార్తె వచ్చేసింది. గాలి కూడా పొయ్యిలోంచి వచ్చినట్టుండేది. పది రోజులకి ఆవిడకి పాలింకిపోయాయి, తమ్ముడికి మేకపాలు పట్టారు. పక్కింటివాళ్లు వచ్చి చూసి, గుంట నిర్వాకం వల్ల తల్లికి ఎంత కష్టమొచ్చిందోనని నేను వినేటట్టే అనుకునేవారు. నాన్న అక్కడే ఉండి దూది ఏకుతుండేవాడు.

గోడ ఎక్కే పని నాకు పోయింది. ఆ పని మావకి వచ్చింది. అమ్మే అడిగింది. రోజూ ఆ వేళకి మా వెనక చెట్టు ఎక్కి కూర్చునేవాడు, గీత పని అయిపోయినా దిగేవాడు కాదు. అమ్మ పెరట్లో గ్లాసు పట్టుకుని ఆయనకేసి చూస్తూ కూర్చునేది. నేను నాలుగడుగుల దూరంలో ఉండేదాన్ని. నాకూ కనిపిస్తూనే ఉండేది. ఎండ ఆఖరి మట్ట నుంచి పోయిన సంగతి ఆయన కంటే ముందు ఒక్కోరోజు నేనే పోల్చుకునేదాన్ని. చెప్పేదాన్ని కాదు, నన్నెవరూ అడిగేవారూ కాదు.

"అప్పా, దిగిపోనాది. ఇంక తాగు" అని పైనించి కేక వచ్చేది. అప్పుడు తాగేది. 

నాయనమ్మకి ఇదంతా తమాషాగా ఉండేది. "కల్లోడి కేకకి రోజా ఇడిసే ఇల్లు ఏడేడు లోకాల్లోనూ మనదొక్కటేనే" అని నవ్వేది. నాకు నవ్వు రాలేదు. కల్లు వాసన వేసే చేతుల్తో ఆయన తెచ్చిన మాట మా అమ్మకి నమ్మకమైంది, నా మాట కాలేదు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన చూసింది చూసినట్టు చెప్పాడు, మా ఇంట్లో ఆ పని చేసిన మనిషి ఆయనొక్కడే.

నాన్న సంతకి పోయినప్పుడల్లా నాకు బెల్లం జీళ్లు తేవడం మొదలుపెట్టాడు. అంతకు ముందు పండక్కి తప్ప తెచ్చేవాడు కాదు. కాగితం పొట్లం నా చేతిలో పెట్టి గబుక్కున తిరిగిపోయేవాడు. ఒకరోజు మధ్యాహ్నం చేతికొయ్య కూడా నాకేసి చాపాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆయన కొయ్య తీసుకుని దూది వైపు తిరిగాడు. జీళ్లు నాయనమ్మకి ఇచ్చేసేదాన్ని. ఆవిడకి పళ్లు లేవు, రోజంతా బుగ్గన పెట్టుకుని చప్పరించేది.

మొదటి వానకి రెండు రోజుల ముందు ముప్పయ్యో గింజ పడింది. అమ్మ సేమ్యా పాయసం చేసింది. మావకి గోడ అవతలికి గిన్నెతో పంపింది. నాకూ పెట్టింది, "ఇంద" అంది. అమ్మీ అనలేదు. ఆ తరవాత ఆవిడ నన్ను ముద్దు చేయలేదని కాదు, పెళ్లి చేసింది, పురుళ్లు పోసింది, నా పిల్లల్ని పెంచింది. కానీ నేను ఏదైనా చెబితే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పినా, ఒకసారి తను వెళ్లి చూసుకునేది. అది మానలేదు.

నాన్న నిండు వయసులోనే పోయాడు. మంచం మీద ఉన్నప్పుడు నేనే దగ్గరుండి చూసుకున్నాను. ఏదో ఒకరోజు ఆ మాట ఎత్తుతాడని కనిపెట్టుకుని ఉన్నాను. ఎత్తలేదు. మర్చిపోయాడో, మర్చిపోయినట్టు ఉన్నాడో తెలియదు. ఆయన చెడ్డవాడు కాదు, అమ్మ మీద ప్రేమతోనే చేశాడు. అది నాకు అప్పుడూ తెలుసు. అయినా నాకు కోపం పోలేదు, ఇప్పటికీ పోలేదు. ప్రేమ ఆయనది, తప్పు మాత్రం నాది అయింది.

ఇక ఒట్టుకి భయపడాల్సిన పని లేదు. అయినా అమ్మకి చెప్పడానికి ఇంకో పదేళ్లు పట్టింది. అప్పటికి ఆవిడ నా దగ్గరే ఉండేది. ఒక వేసవి మధ్యాహ్నం నా పాత తలగడ విప్పి, దూది ఎండబెట్టి, మిగిలిపోయిన గింజలు ఏరుతోంది. చూపు ఆనకపోయినా వేళ్లకి తెలుస్తాయి. నేను పక్కన కూర్చుని ఉన్నట్టుండి చెప్పేశాను.

"అమ్మా, ఆ ఏడు పొద్దు ములిగిందని ముందుగా చెప్పింది ఆటల్లో పడి కాదు. నాన్నే చెప్పమన్నాడు. ఒట్టేయించుకున్నాడు."

అమ్మ ఏరడం ఆపలేదు. "తెలుసే" అంది.

"తెలుసా? ఎప్పటి నుంచి?"

"ఆ పొద్దే తెలుసు. నానడగ్గానే నువ్వు పాక కేసి సూసినావు గదా."

నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను. "మరి తెలిసీ నన్నెందుకమ్మా..."

"ఏటి సెయ్యమంటావు?" అంది, విసుక్కోలేదు, మామూలుగానే. "మొగుడు నా రోజాలు పాడు సేసీనాడని పైకొస్తే నాను ఆయనతో ఏలగ కాపురం సెయ్యను? మొకం సూడాల గదా, కూడెట్టాల గదా. నువ్వు సిన్నగుంటవి. మర్సిపోతావనుకున్నాను."

ఒక గింజ దొరికితే తీసి పక్కన పెట్టింది. నేను ఆ గింజకేసి చూస్తూ, "మొదటి అయిదూ నిజమైనవేనమ్మా. పూర్తిగా చూసే చెప్పాను" అన్నాను.

అప్పుడు ఆపింది. నాకేసి తిరిగింది. మొహం విప్పారింది. "నిజిమేనా? అయిదూనా?" వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "అయితే నాను అయిదు ఎక్కువే ఉన్నానన్నమాట. మంచిదే, అయ్యి మాయమ్మ లెక్కలో ఏసుకుంటాడు దేవుడు." ఆ రోజంతా ఆవిడ సంతోషంగా ఉంది. రాత్రి అన్నం కూడా ఒక ముద్ద ఎక్కువ తింది.

మర్నాడు మళ్లీ ఏమైనా అంటుందేమోనని చూశాను. నా తల మీద చేయి వేస్తుందేమో, అమ్మీ అంటుందేమో అని. అరవై దాటిన మనిషిని, అలా చూడటం నాకే తప్పుగా అనిపించింది. ఆవిడ దూదంతా తలగడలోకి కూరి, సూదిలో దారం ఎక్కించి పెట్టమని నా చేతికిచ్చింది. ఎక్కించి ఇచ్చాను. ఎక్కిందో లేదో దారం లాగి చూసుకుంది.

మొన్న మేడ మీద మనవరాలు కిందికి పోయాక నేను చాలాసేపు నిలబడ్డాను. చుట్టుపక్కల తాటిచెట్లేమీ లేవు. నాలుగిళ్ల అవతల నీళ్ల ట్యాంకు ఉంది, ఎత్తుగా. దాని నెత్తిన ఎండ పూర్తిగా పోయేదాకా చూసి అప్పుడు తాగాను. పిల్ల అలిగింది, ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. తన ఫోను మాట నమ్మకే అలా అన్నానని అనుకుంటోంది. ఇంకా నాలుగు రోజాలున్నాయి. రేపు అడిగినా నేను చెప్పను. దాన్ని చెప్పమనీ అడగను.